కుందేలుకు అడ్డంకులు దూకడం నేర్పాలా? నేర్పితే ఎలా?

పెంపుడు కుందేళ్ల చేత వరుసగా నిలిపిన కర్రల మీదుగా దూకించే ఆట 1970లలో స్వీడన్‌లో మొదలైంది. గుర్రాలు కంచెలు దూకే పోటీల నియమాలనే కుందేలు ఒడ్డూ పొడుగుకు తగినట్టు కుదించుకుని అక్కడి కుందేళ్ల పెంపకందారులు దీనికి ఒక రూపం ఇచ్చారు. 1987లో స్టాక్‌హోమ్‌లో తొలి జాతీయ పోటీలు జరిగాయి, 1994లో ఈ ఆటకే ప్రత్యేకంగా ఒక జాతీయ సమాఖ్య ఏర్పడింది. ‘కానిన్‌హాప్’ అన్న స్వీడిష్ పేరుతోనే ఇది పొరుగు దేశాలకూ, జర్మనీకీ, ఆపై బ్రిటన్, అమెరికాలకూ పాకింది. నేరుగా సాగే బాట, మలుపులు తిరిగే బాట, ఎత్తు, దూరం అని ఇందులో నాలుగు విభాగాలు ఉంటాయి. 1997లో డెన్మార్క్‌లో ఒక కుందేలు 99.5 సెంటీమీటర్ల ఎత్తు దూకింది, 1999లో ఆ దేశంలోనే మరొకటి మూడు మీటర్ల దూరం దూకింది. ఆ తరువాతి ఏళ్లలో ఎత్తు రికార్డు మీటరు దాటింది.

ఆట విస్తరించిన కొద్దీ అభ్యంతరాలూ పెరిగాయి. దూకడం కుందేలుకు పుట్టుకతో వచ్చిన గుణమనీ, గూట్లో ముడుచుకుని బతుకు వెళ్లదీసే జంతువుకు ఇది మంచి వ్యాయామమనీ, మనిషికీ కుందేలుకూ నడుమ నమ్మకం పెంచుతుందనీ సమర్థించేవారు చెబుతారు. కుందేలు వేటాడబడే జాతి కనుక దాని భయం పైకి కనిపించదనీ, తాడు, ప్రయాణం, రణగొణ ధ్వని, కొత్త జంతువుల వాసన అన్నీ దానికి హింసేననీ, గెలుపు యావలో పడిన యజమాని దాని ఇష్టాయిష్టాలు చూడలేడనీ వ్యతిరేకించేవారు అంటారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న ధోరణి ఇరుపక్షాలలోనూ ఉంది. నా దృష్టిలో ‘కుందేలు దూకవచ్చా’ అన్న ప్రశ్నే దారి తప్పించేది. దూకాలో వద్దో తేల్చేది ఎవరు, దూకనన్నప్పుడు ఏం జరుగుతుంది అన్నవి అడగవలసిన ప్రశ్నలు. వాటికి జవాబు ప్రతి ఇంట్లో, ప్రతి కుందేలు దగ్గర విడిగా తేలవలసిందే కాబట్టి, ఆ జవాబును ఎలా రాబట్టాలో, అది అనుకూలంగా ఉంటే శిక్షణ ఎలా సాగించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు అది ఉండే చోటు

అడ్డంకులు కొనే ముందు కుందేలు ఉండే చోటును కొలవండి. బ్రిటన్‌లోని కుందేళ్ల సంక్షేమ సంస్థలు రెండు కుందేళ్లకు కనీసం మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు ఎత్తు గల స్థలం రోజంతా అందుబాటులో ఉండాలని సూచిస్తాయి. ఎక్కువ ఇళ్లలో కనిపించే గూడు ఇందులో నాలుగో వంతు కూడా ఉండదు. అలాంటి గూట్లో ఇరవై మూడు గంటలు ఉంచి, పది నిమిషాలు బయటికి తీసి కర్రలు దూకించడాన్ని వ్యాయామం అనలేము. ఎముకలూ కండరాలూ ఆ పది నిమిషాల శ్రమకు సిద్ధంగా ఉండవు కనుక దెబ్బలు తగిలే అవకాశమే పెరుగుతుంది. పైగా ఎట్టకేలకు బయటపడిన జంతువు ఉరుకులు చూసి దానికి ఆట అంటే ఇష్టమని మనం పొరబడతాం.

కుందేలుకు తోడు కావాలి. మనిషి ఎంత మంచివాడైనా మరో కుందేలు స్థానాన్ని పూరించలేడు. రోజువారీ మేతలో ఎనభై శాతానికి తగ్గకుండా ఎండుగడ్డో పచ్చిగడ్డో ఉండాలి. ఈ రెండూ సరిగా లేని ఇంట్లో శిక్షణ గురించి మాట్లాడుకోవడం అనవసరం, ముందు అవి చక్కబెట్టుకోవాలి. అన్నీ సవ్యంగా ఉండి, కుందేలు తనంతట తాను పరుగులు తీస్తూ, పెట్టెల మీదికి ఎక్కుతూ దిగుతూ ఉంటే, అప్పుడు దూకడం దాని దినచర్యలో ఒక భాగంగా ఇమడవచ్చు.

ఏ కుందేలుకు వద్దు

కుందేలు అస్థిపంజరం చాలా తేలిక, శరీర బరువులో దాని వాటా ఏడెనిమిది శాతమే. పిల్లిలో ఇది పన్నెండు, పదమూడు శాతం ఉంటుంది. ఇంత తేలికైన ఎముకలకు అంటుకుని ఉన్న వెనుక కాళ్ల కండరాలు మాత్రం అమిత బలమైనవి. అందుకే ఎవరైనా సరిగా పట్టుకోకుండా ఎత్తినప్పుడు కుందేలు ఒక్క ఉదుటున తన్నుకుంటే, ఆ తన్ను బలానికే నడుము దగ్గరి వెన్నుపూస విరగవచ్చు. ఈ ప్రమాదం పశువైద్యులకు కొత్త కాదు. దూకడంలో కన్నా దూకించడానికి ఎత్తి దించడంలోనే పెద్ద ముప్పు ఉందని దీన్నిబట్టి గ్రహించాలి.

ఎదిగే వయసులో ఎముకల చివర ఉండే ఎదుగుదల పొరలు ఇంకా గట్టిపడవు. మధ్యరకం జాతుల్లో ఇవి మూసుకోవడానికి ఏడెనిమిది నెలలు పట్టవచ్చు, భారీ జాతుల్లో ఇంకా ఆలస్యమవుతుంది. స్వీడన్ తరహా పోటీ నియమాలు నాలుగు నెలల కుందేలును కూడా బరిలోకి అనుమతిస్తాయి. విమర్శకులు ఈ నియమాన్ని తప్పుపట్టడంలో న్యాయం ఉందని నేను అనుకుంటున్నాను. ఏడాది నిండే వరకు నేల మీద పెట్టిన కర్రను దాటడంతో సరిపెట్టుకోవడం మేలు.

కడుపుతో ఉన్నవి, పాలిస్తున్నవి, బరువు పెరిగినవి, కీళ్లనొప్పులున్నవి, వయసు పైబడినవి ఈ శిక్షణకు పనికిరావు. భారీ జాతులకు దిగేటప్పుడు ముందు కాళ్ల మీద పడే బరువు ఎక్కువ. రెక్స్ జాతికి పాదాల అడుగున బొచ్చు పలుచగా ఉంటుంది కనుక మడమ పుండ్లు త్వరగా వస్తాయి. వేలాడే చెవుల జాతుల్లో చెవి లోపలి వ్యాధులు ఎక్కువ. చెవి దెబ్బతింటే తూకం తప్పుతుంది, తూకం తప్పిన కుందేలు కర్ర మీద తలకిందులుగా పడుతుంది. కాబట్టి మొదటి మెట్టు పశువైద్యుని పరీక్షే. వెన్ను, తుంటి, మోకాళ్లు, పాదాల అడుగులు, గోళ్లు, చెవులు, పళ్లు చూడమని ప్రత్యేకంగా అడగాలి. పంటి నొప్పి ఉన్న కుందేలుకు ముందు తిండి ఇష్టం పోతుంది, మనమేమో అది బహుమతికి ఆశపడడం లేదని, మొండిదని అనుకుంటాం.

నేల, కర్రలు

కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదాల కింద మెత్తలు ఉండవు, బొచ్చు మాత్రమే ఉంటుంది. నున్నటి పలకల నేల మీద అది పట్టు దొరకక కాళ్లు పక్కలకు జారి పడుతుంది. ఒక్కసారి అలా జారితే చాలు, ఆ చోటికి మళ్లీ రావడానికి జంకుతుంది. గడ్డినేల అన్నిటికన్నా మంచిది. ఇంటి లోపలైతే పోగులు ఉచ్చుల్లా లేచి ఉండని తివాచీ పరిచి, అంచులు కదలకుండా అంటించాలి, లేకపోతే గోరు చిక్కుకుని ఊడిపోతుంది. తివాచీ చివరి కర్ర దగ్గరే ఆగిపోకుండా, దూకి దిగిన తరువాత మూడు నాలుగు అంగల దూరం వరకు ఉండేలా చూసుకోవాలి. ఎక్కువ జారుళ్లు అక్కడే జరుగుతాయి.

కర్ర తేలికగా ఉండాలి, కాలు తగలగానే ముందుకైనా వెనక్కైనా పడిపోవాలి. ఇందులో రాజీ పడకూడదు. పక్క నిలువులకు లోతు తక్కువ ఆనికలు పెట్టి, కర్రను వాటి మీద ఊరికే ఆనించాలి తప్ప రంధ్రంలోకి దూర్చకూడదు, కట్టకూడదు, మేకు కొట్టకూడదు. పైకర్రకూ కింది కర్రకూ నడుమ కాలు ఇరుక్కునే సందు ఉండరాదు. కిందికర్రలు ఎక్కువ పెట్టి సందులు పూడ్చడమో, ఒకే కర్ర పెట్టి కింద అంతా ఖాళీగా వదలడమో చేయాలి. వలలు, తీగలు, గట్టి పలకల గోడలు వద్దు.

కుందేలు కళ్లు తలకు ఇరువైపులా ఉండడంతో దాదాపు చుట్టూ చూడగలదు కానీ, సరిగ్గా ముక్కు ముందున్నది దానికి కనిపించదు, దూరాన్ని అంచనా కట్టడంలోనూ అది మనంత చురుకైనది కాదు. కర్ర దగ్గరికి వచ్చి ఆగి, తల పక్కకు తిప్పి, మీసాలతో తడిమి చూసే కుందేలు మొండికేయడం లేదు, కొలుచుకుంటోంది. అందుకు సమయం ఇవ్వాలి. నేల రంగులో కలిసిపోకుండా కర్రకు ముదురు, లేత పట్టీలు వేస్తే దానికి గుర్తుపట్టడం తేలికవుతుంది. కర్రకూ కర్రకూ నడుమ కనీసం రెండు మీటర్లు వదిలితే దిగి, కుదురుకుని, మళ్లీ నిర్ణయించుకునే వ్యవధి దొరుకుతుంది. దగ్గర దగ్గరగా పెట్టిన కర్రల మధ్య దానికి ఆగే చోటే ఉండదు, మొదటిది దూకితే చివరిదాకా దూకి తీరాలి.

ఎత్తు విషయానికి వస్తే, పోటీల్లో పై తరగతి అడ్డంకులు యాభై సెంటీమీటర్ల వరకు ఉంటాయి. ఇంట్లో అంత ఎత్తు అవసరం లేదు. నేల మీద కర్రతో మొదలుపెట్టి, ఐదు, పది, పదిహేను సెంటీమీటర్ల మీదుగా వెళ్లి, ఇరవై ఐదు దగ్గర ఆగిపోతే కుందేలుకు కలిగే లోటు ఏదీ లేదు. అంతకు మించిన ఎత్తు మన సరదా కోసమే. ఆ మాట దాచకుండా ఒప్పుకుంటే తరువాతి నిర్ణయాలు తేలికవుతాయి.

తాడు సంగతి

వివాదమంతా ఎక్కడైనా ఒక చోట ముడిపడి ఉందంటే అది తాడు దగ్గరే. పోటీల్లో కుందేలుకు ఛాతీ చుట్టూ, మెడ చుట్టూ రెండు పట్టీలుండి, వాటిని వీపు మీదుగా మరో పట్టీ కలిపే హార్నెస్ వేసి, దానికి తాడు తగిలించి, మనిషి వెనకాలే నడుస్తాడు. తాడు వదులుగా ఉండాలని, దానితో కుందేలును ఎత్తి కర్ర దాటించకూడదని నియమాలు చెబుతాయి. మెడకు మాత్రమే వేసే పట్టీని అవి అసలు అనుమతించవు. చిన్న కుదుపుకే మెడకూ గొంతుకూ దెబ్బ తగులుతుంది కాబట్టి ఈ నిషేధం సరైనదే. అయినా తాడు వదులుగా ఉండడానికీ బిగుసుకోవడానికీ నడుమ ఉన్నది వేలెడు తేడా. కుందేలు కర్ర ముందు ఆగుతుంది, మనిషి అర అడుగు ముందుకు వేస్తాడు, తాడులోని వంపు పోతుంది, హార్నెస్ వీపు మీద కాస్త పైకి లేస్తుంది, కుందేలు దూకుతుంది. చూసేవారికి అది తనంతట తాను దూకినట్టే ఉంటుంది. మనిషి వెనకనుంచి తన పాదంతో మెల్లగా తాకడం, తన రెండు కాళ్ల నడుమ ఇరికించి దారి మూయడం కూడా ఇలాంటివే. వీటిలో ఏదీ కొట్టడం కాదు, కానీ వీటన్నిటిలోనూ కుందేలుకు వెనక్కి తగ్గే దారి మూసుకుపోతుంది.

ఇంటి శిక్షణకు తాడు అవసరం లేదు. కంచె ఉన్న పెరట్లోనో, తలుపు మూసిన గదిలోనో కుందేలును వదిలేసి నేర్పవచ్చు. బహిరంగ ప్రదేశానికి తీసుకెళ్లక తప్పదనుకుంటే, తప్పించుకుపోకుండా ఉండేందుకు మాత్రమే హార్నెస్ వాడాలి. దాన్ని ముందు కుందేలు పక్కన పడేసి వాసన చూడనివ్వాలి, తరువాత వీపు మీద ఊరికే ఉంచాలి, ఆ తరువాతే కట్టాలి. ఒక్కో మెట్టుకు రోజులు పట్టినా పట్టనివ్వాలి. పట్టీకీ శరీరానికీ మధ్య ఒక వేలు దూరేంత సందు ఉండాలి. హార్నెస్ వేయగానే కుందేలు కదలకుండా నేలకు అంటుకుపోతే దానికి అలవాటైందని అనుకోకూడదు. అది భయంతో బిగుసుకుపోయింది. వెల్లకిలా తిప్పి పడుకోబెడితే కదలకుండా ఉండడం కూడా ఇదే కోవకు చెందిన భయం. కుందేలు ‘నిద్రపుచ్చబడింది’ అంటూ ఆ భంగిమను ముచ్చటగా చూపించేవారిని చూసి ఎవరూ అనుకరించకూడదు.

నేర్పే తీరు

తొలి వారం శిక్షణ ఏమీ ఉండదు. ఒకే ఒక కర్రను కుందేలు తిరిగే చోట నేల మీద పెట్టి వదిలేయండి. కర్రకు రెండు పక్కలా నడిచి వెళ్లేందుకు చోటు ఉండాలి. మీరు గది మరో మూల కూర్చోండి. కుందేలు దాన్ని వాసన చూస్తుంది, గడ్డం రుద్ది తన వాసన అంటిస్తుంది, కొన్ని నములుతాయి కూడా. కొద్ది రోజులకు దాని మీదుగా అటూ ఇటూ వెళ్లడం మొదలుపెడితే మంచిది. ప్రతిసారీ పక్కనుంచి చుట్టి వెళుతుంటే అదీ ఒక జవాబే. ఈ పరీక్షకు ఖర్చు లేదు, శ్రమ లేదు, అయినా నేరుగా తాడు కట్టి మొదలుపెట్టే వారిలో చాలామంది దీన్ని దాటవేస్తారు.

రెండో దశలో బహుమతి వస్తుంది. క్లిక్ శబ్దం చేసే చిన్న పరికరాన్ని గానీ, నాలుకతో చేసే ఒక నిర్ణీత శబ్దాన్ని గానీ ఎంచుకుని, ఆ శబ్దం వెంటనే చిటికెనవేలి గోరంత క్యారట్ ముక్కో, కొత్తిమీర ఆకో ఇవ్వాలి. శబ్దం వినగానే కుందేలు మీవైపు తిరిగే వరకు ఇంతే. ఆ తరువాత అది తనంతట తాను కర్ర దాటిన క్షణంలో శబ్దం చేసి బహుమతి ఇవ్వాలి. కర్ర అవతల చెయ్యి చాపి ముక్క చూపిస్తూ రప్పించడం మొదటి రెండు మూడు సార్లకు పనికివస్తుంది. అదే పద్ధతిగా మారితే కుందేలు కర్రను చూడదు, చేతినే చూస్తుంది, కాలు తగిలించుకుంటుంది.

బహుమతిలోనూ ఒక మెలిక ఉంది. ఆశ చూపడం కూడా ఒక రకమైన ఒత్తిడే అన్న విమర్శను తేలికగా కొట్టిపారేయలేము. మేత తగ్గించి, ఆకలితో ఉంచి బహుమతికి విలువ పెంచడం మాత్రం క్షమించరానిది. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. కొన్ని గంటలు మేత ఆగినా ఆ కదలిక మందగిస్తుంది, పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ప్రాణాపాయ స్థితి. శిక్షణ జరిగే చోటనే ఒక పక్కన ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. బహుమతిగా ఇచ్చే ఆకును రోజులో మరో వేళ ఏ పనీ చేయించకుండా కూడా పెట్టాలి. అలా ఉండి కూడా కుందేలు కర్రల దగ్గరికి వస్తే, దాని రాకకు కాస్త విలువ ఉంటుంది. క్యారట్‌లోనూ పండ్లలోనూ చక్కెర ఎక్కువ కనుక రోజు మొత్తం మీద ఇచ్చేది రెండు మూడు ముక్కలు మించకుండా, మిగతావి ఆకులతోనే సరిపెట్టాలి.

ఒక విడత ఐదు నిమిషాలు చాలు, ఎంత హుషారుగా ఉన్నా పది దాటనివ్వకండి. వారంలో మూడు నాలుగు రోజులకన్నా వద్దు. కుందేళ్లు తెల్లవారుజామునా సాయంసంధ్య వేళా చురుకుగా ఉంటాయి, మధ్యాహ్నం వాటికి విశ్రాంతి సమయం. పడుకున్న దాన్ని లేపి దూకించకూడదు. ముందు కొంతసేపు దాన్ని ఊరికే తిరగనిచ్చి, ఒళ్లు కాస్త వెచ్చబడ్డాకే కర్ర ఎత్తు పెంచాలి. ఒక ఎత్తును వరుసగా కొన్ని రోజులు తడబాటు లేకుండా దూకినప్పుడే తరువాతి ఎత్తుకు వెళ్లాలి. కర్ర పడగొడితే కోప్పడడానికీ, ముక్క ఇవ్వకుండా శిక్షించడానికీ ఏమీ లేదు, ఎత్తు తగ్గించడమే. రెండుసార్లు వరుసగా ఆగిపోయినా, పక్కనుంచి వెళ్లిపోయినా ఆ రోజుకు ఆట ముగిసినట్టే.

ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని అది ముఖ్యంగా చెవుల ద్వారానే బయటికి పంపుకుంటుంది. దాని మామూలు శరీర ఉష్ణోగ్రతే 38.5 నుంచి 40 డిగ్రీల వరకు ఉంటుంది కాబట్టి ఆపై పెరిగేందుకు వెసులుబాటు తక్కువ. బయట పాతిక డిగ్రీలు దాటితే కర్రలు తీసి పక్కన పెట్టాలి. కుందేలు ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే అలసట అనుకుని ఊరుకోకూడదు, చెవులను చల్లని నీటితో తడుపుతూ వెంటనే పశువైద్యుని దగ్గరికి పరుగెత్తాలి.

ఒద్దన్న మాటను చదవడం

చక్కగా దూకినంత మాత్రాన అది ఇష్టంగా దూకినట్టు కాదు. పారిపోయే కుందేలు అందరికన్నా బాగా దూకుతుంది. అందుచేత దూకే క్షణాన్ని కాకుండా, దానికి ముందూ వెనకా ఉన్న కొన్ని సెకన్లను చూడాలి. ఇష్టంగా వచ్చే కుందేలు చెవులు కర్ర వైపు తిప్పి ఉంటాయి, లేదా ఒకటి కర్ర వైపు, మరొకటి మీ వైపు. ముక్కు చకచకా కదులుతుంటుంది. వెనుక కాళ్లు దగ్గరికి లాక్కుని, ఒక క్షణం ఒళ్లు కూడదీసుకుని లేస్తుంది. దిగాక వేగం తగ్గించుకుని ముక్క కోసం వస్తుంది, లేదా కూర్చుని మొహం కడుక్కుంటుంది. చివరి కర్ర అయ్యాక తిరిగి మొదటి కర్ర దగ్గరికి తనే వెళ్లిన కుందేలును చూస్తే సందేహాలు చాలావరకు తీరతాయి. భయంతో దూకేది చివరి కర్ర దాటాక ఆగదు. మూలకో పెట్టె చాటుకో దూరుతుంది, ఇచ్చిన ముక్క ముట్టదు, చెవులు వీపుకు అంటించి, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంది, వెనుక కాలితో నేలను దబ్బున కొడుతుంది.

నొప్పిని గుర్తించేందుకు 2012లో పరిశోధకులు కుందేలు ముఖకవళికల కొలమానం ఒకటి రూపొందించారు. కళ్లు సగం మూసుకోవడం, చెంపలు చదునుగా లోపలికి పోవడం, నాసికా రంధ్రాల ఆకారం కోసుగా మారడం, మీసాలు బిగుసుకోవడం, చెవులు గొట్టంలా ముడుచుకుని వెనక్కి వాలడం అన్న ఐదింటిని అందులో చూస్తారు. వీటిని గుర్తుపట్టాలంటే ముందు మీ కుందేలు నిశ్చింతగా ఉన్నప్పుడు దాని ముఖం ఎలా ఉంటుందో తెలియాలి, కాబట్టి విశ్రాంతి వేళ కొన్ని ఫోటోలు తీసి పెట్టుకోండి. పళ్ల శబ్దంలోనూ తేడా ఉంది. నిమిరినప్పుడు వినీవినపడనట్టు మెత్తగా కొరకడం హాయికి గుర్తు, ఒంటరిగా ముడుచుకుని పటపటలాడించడం నొప్పికి గుర్తు.

శిక్షణ రోజు రాత్రి మేత, పెంటికలు చూడడం మరిచిపోవద్దు. ఒత్తిడి ముందుగా పేగుల మీదే పనిచేస్తుంది. పెంటికలు చిన్నవైనా, తగ్గినా, ఎండుగడ్డి మిగిలినా, ఆ రోజు చేసినది దానికి మించిన పని అయినట్టే. వారానికోసారి తూకం వేసి, పాదాల అడుగున బొచ్చు రాలి చర్మం ఎర్రబడిందేమో చూడాలి. ఎర్రబడితే మానేవరకు కర్రలు లేవు.

పోటీలకు వెళ్లాలనుకుంటే

నా సలహా వెళ్లవద్దనే. ఇంట్లో దూకడంపై ఉన్న అభ్యంతరాల్లో ఎక్కువ భాగానికి మంచి పద్ధతులతో జవాబు చెప్పవచ్చు. పోటీలపై ఉన్నవాటికి అలా చెప్పడం కష్టం. వాహనం కుదుపులు, గంటల తరబడి చిన్న పెట్టెలో నిరీక్షణ, జోడీ కుందేలు నుంచి ఎడబాటు, కుక్కల వాసన, చప్పట్లు వంటివాటిలో దేన్నీ కుందేలు ఎంచుకోలేదు, దేన్నీ కాదనలేదు. పలుచోట్ల నుంచి వచ్చిన జంతువులు ఒక చోట చేరినప్పుడు కుందేళ్లకు వైరస్ వల్ల వచ్చే రక్తస్రావ వ్యాధి, శ్వాసకోశ జబ్బులు అంటుకునే ప్రమాదం ఎలాగూ ఉంది. ఇక గెలిచే కుందేలు కోసం పిల్లల్ని పెట్టించడం మొదలైతే, ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతకగల జంతువుల్లో దూకనివాటి గతి ఏమిటన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా ఇంపైన జవాబు ఉండదు.

అయినా వెళ్లదలిస్తే ముందు కుందేలు లేకుండా ఒకసారి వెళ్లి చూసి రండి. కర్ర ముందు ఆగిన కుందేలును నిర్వాహకులు ఏం చేయనిస్తున్నారో గమనించండి. ఆగిన వెంటనే పరుగు విరమించుకున్న యజమానిని అక్కడివారు మెచ్చుకుంటారా, గేలి చేస్తారా అన్నది నియమాల పుస్తకం కన్నా ఎక్కువ చెబుతుంది. నేల, నీడ, నిరీక్షణ పెట్టెల మధ్య దూరం, టీకా పత్రాల తనిఖీ, పశువైద్యుడు అందుబాటులో ఉన్నాడా అన్నవి చూడండి. వెళ్లొచ్చిన కుందేలును ఇంట్లోని మిగతా వాటికి దూరంగా రెండు వారాలు ఉంచడం ఆరోగ్యానికి మంచిదే కానీ, జోడీని విడదీస్తే తిరిగి కలపడం కష్టమవుతుంది. అలాంటప్పుడు రెండింటినీ కలిపే వేరుగా ఉంచాలి.

దూకని కుందేలుకు

కర్రను చుట్టి వెళ్లే కుందేలుకు చేయించవలసిన పనులు వేరే ఉన్నాయి. రెండు వైపులా తెరిచి ఉన్న సొరంగాలు, తవ్వుకోవడానికి మట్టి నింపిన లోతైన తొట్టె, ఎక్కి చుట్టూ చూసేందుకు దృఢమైన పెట్టె, గడ్డిలో వెదజల్లిన మేత గుళికలు, కాగితం చుట్టలో దాచిన ఆకులు అన్నీ దాని కాళ్లకూ బుర్రకూ పని కల్పిస్తాయి. క్లిక్ శబ్దంతో పేరు పిలిస్తే రావడం, తనంతట తాను ప్రయాణపు పెట్టెలోకి వెళ్లడం, తూకం పళ్లెం ఎక్కి కూర్చోవడం నేర్పవచ్చు. పెట్టెలోకి తనే నడిచి వెళ్లే కుందేలును పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లేందుకు ఎవరూ ఎత్తి పట్టుకోనక్కర్లేదు, నడుము విరిగే ముప్పు అక్కడికక్కడే తప్పిపోతుంది. శిక్షణకు వెచ్చించే సమయం పరిమితమైతే, కర్రల కన్నా ముందు దీన్ని నేర్పమనే నేను చెబుతాను.